స్టార్‌ని తయారుచేసేది ఓడిపోయేవాడే

మన హాస్టల్లో రెజ్లింగ్ మాట ఎత్తితే చాలు, రెండు పార్టీలు తయారవుతాయి. "అదంతా ఉత్తుత్తిదేరా, ముందే మాట్లాడుకుని కొట్టుకుంటారు" అనేది ఒక పార్టీ. "ఉత్తుత్తిదైతే ఆ రక్తమేంట్రా, ఆ కుట్లేంట్రా?" అనేది రెండో పార్టీ. స్టడీ అవర్‌లో మొదలైన వాదన మెస్‌లో ప్లేట్లు కడిగేదాకా సాగుతుంది. ఎవరూ గెలవరు. ఎందుకంటే ఇద్దరు చెప్పేదీ నిజమే! ఎవరు గెలవాలో ముందే నిర్ణయమైపోతుంది. ఈ సంగతి కంపెనీవాళ్లే ఎప్పుడో ఒప్పుకున్నారు. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో క్రీడల మీద ఉన్న పన్నులూ నిబంధనలూ తప్పించుకోవడం కోసం, మాది ఆట కాదు, వినోదం మాత్రమేనని విన్స్ మెక్‌మాన్ కంపెనీ చట్టసభకు చెప్పుకుంది. కానీ నిచ్చెన మీది నుంచి కింద పడేటప్పుడు భూమ్యాకర్షణ శక్తి స్క్రిప్టు చదివి రాదు కదా! పడినవాడి నడుముకి తగిలేది నిజమైన దెబ్బే.

నన్నడిగితే ఈ వాదన దండగ. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. గెలుపోటములు ముందే రాసుకునే చోట ఒక కుర్రాడు స్టార్ ఎలా అవుతాడు? బెల్టు కంపెనీదే. కెమెరా కంపెనీదే. మైకూ కంపెనీదే. మరి కంపెనీ తలుచుకుంటే ఎవరినైనా స్టార్‌ని చేసేయగలదా?

చేయలేదని నా అభిప్రాయం. బెల్టు కట్టబెట్టగలదు, అంతే. కొత్తవాడిని స్టార్‌ని చేసేది, వాడి చేతిలో ఓడిపోవడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్న పాత స్టార్. ఆ పైన జనం ఒప్పుకోవాలి. మన సినిమాలు చూసేవాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోట రాముడు అంత పెద్ద హీరో అయ్యాడంటే, ఎదురుగా ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడై నిలబడ్డాడు కాబట్టే. ఆ మాంత్రికుడు పేలవంగా ఉండి ఉంటే రాముడి సాహసం ఎవడికి కావాలి?

ముందు శిక్షణ గురించి రెండు మాటలు. రెజ్లింగ్ స్కూల్లో మొట్టమొదట నేర్పేది కొట్టడం కాదు, పడటం. దాన్ని 'బంప్' అంటారు. గడ్డం ఛాతీకి ఆనించుకోవాలి, వీపు మొత్తం ఒకేసారి కాన్వాసుకు తగలాలి, రెండు చేతులూ చాచి చరచాలి. తల వెనక్కి వాలిందంటే మెడ పోయినట్టే. ఆ రింగు మెత్తటి పరుపనుకునేవాళ్లకు ఒక మాట. ఇనుప దూలాల మీద చెక్క పలకలు, వాటిమీద పలచటి ఫోమ్, ఆ పైన గుడ్డ, అంతే. రోజూ ఎన్నోసార్లు, నెలల తరబడి దాని మీద పడుతూనే ఉండాలి. (మన డార్మెట్రీ గచ్చు మీద ఒకడినొకడు ఎత్తి పడేసుకునే తమ్ముళ్లు ఈ పేరా రెండుసార్లు చదవగలరు.)

2000 సంవత్సరం తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈ (2002 మే దాకా దాని పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్) తన కుర్రాళ్లను కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరానికి పంపేది. అక్కడ ఓహియో వ్యాలీ రెజ్లింగ్ అనే చిన్న కంపెనీ ఉండేది. చిన్న హాలు, కొన్ని వందల మంది జనం, స్థానిక టీవీలో ఒక ప్రోగ్రాం. జాన్ సీనా, బ్రాక్ లెస్నర్, రాండీ ఆర్టన్, బటిస్టా ఇంచుమించు ఒకే సమయంలో అక్కడ ఉన్నారు. ఒకే బ్యాచ్ అనుకోండి! 2013 జులైలో డబ్ల్యూడబ్ల్యూఈ ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఏడు రింగులతో పెర్ఫార్మెన్స్ సెంటర్ అనే సొంత శిక్షణ కేంద్రం తెరిచింది. పడటం నేర్పినట్టే అక్కడ మాట్లాడటమూ నేర్పుతారు. పాత తరం స్టార్ డస్టీ రోడ్స్ 2015లో చనిపోయేదాకా కుర్రాళ్లకు మైకు పట్టుకోవడం నేర్పాడు. డస్టీ ఒక ప్లంబరు కొడుకు. కండలు లేవు, పొట్ట ఉండేది. కానీ మైకు పట్టుకుంటే పనిలేని కార్మికుడి కష్టం గురించి మాట్లాడేవాడు, హాలు హాలంతా వాడే మా మనిషి అనుకునేది. కండలుంటే చాలనుకునేవాళ్లకు డస్టీ ఒక్కడే సమాధానం.

అయితే సెంటర్లో శిక్షణ తీసుకున్నవాళ్లందరూ స్టార్లు కాలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో కుస్తీలో బంగారు పతకం తెచ్చిన గేబుల్ స్టీవ్‌సన్‌ను కంపెనీ 2021లో తీసుకుంది. 2024 మేలో పంపేసింది. 2023లో అతను ఆడిన ఒక పెద్ద మ్యాచ్‌లో జనం బూ అని అరిచారు. మరోవైపు 1996 అట్లాంటా ఒలింపిక్స్ బంగారు పతక విజేత కర్ట్ యాంగిల్ 1999 నవంబర్లో టీవీ మీదికొచ్చి ఏడాది తిరక్కుండానే ఛాంపియన్ అయ్యాడు. ఇద్దరి మెడలోనూ ఒలింపిక్ బంగారమే. తేడా ఏమిటంటే యాంగిల్ తన పతకాన్ని చూసి తానే మురిసిపోయే గొప్పలరాయుడి వేషం కట్టాడు. జనం నవ్వడానికి ఒప్పుకున్నాడు. నిజమైన వస్తాదుకు అన్నిటికంటే కష్టమైన పని అదేనేమో!

ఇక అసలు విషయానికి వస్తాను. 1995లో డబ్ల్యూసీడబ్ల్యూ అనే కంపెనీ గాయంతో ఇంట్లో ఉన్న ఒక రెజ్లర్‌ను ఉద్యోగంలోంచి తీసేసింది. అతని పేరు స్టీవ్ ఆస్టిన్. అతను డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కు వచ్చి పదునైన మాటలతో పైకొస్తున్నాడు. కానీ అప్పటికింకా విలన్. 1997 మార్చి 23న చికాగో శివార్లలో జరిగిన రెజిల్‌మేనియా 13లో అప్పటి హీరో బ్రెట్ హార్ట్‌తో తలపడ్డాడు. బ్రెట్ కాళ్లు మెలిపెట్టి పట్టు బిగించాడు. ఆస్టిన్ నుదుటి నుంచి రక్తం కళ్లలోకి కారుతోంది. ఓడిపోయానని ఒప్పుకుంటే వదిలేస్తారు. ఒప్పుకోలేదు. స్పృహ తప్పాడు. రిఫరీ ఆట ఆపేశాడు. రికార్డుల్లో గెలిచింది బ్రెట్. కానీ స్పృహ తప్పినవాణ్ణి కూడా అతను తన్నడం మొదలుపెట్టేసరికి జనం మనసు మారిపోయింది. ఆస్టిన్ ఎవరి సాయమూ లేకుండా కుంటుకుంటూ వెళ్తుంటే హాలంతా అతని పేరే అరిచింది. ఒక్క రాత్రిలో విలన్ హీరో అయ్యాడు, హీరో విలన్ అయ్యాడు.

అక్కడ బ్రెట్ ఏం వదులుకున్నాడో గమనించండి. మ్యాచ్ కాదు. ఏళ్ల తరబడి సంపాదించుకున్న జనం ప్రేమ! దాన్ని తీసి జూనియర్ చేతిలో పెట్టాడు. మరుసటి ఏడాది ఆస్టిన్ ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత కంపెనీ చూసిన లాభాలకు ఆ రాత్రే పునాది పడిందని నేననుకుంటాను. అందులో బ్రెట్ వాటా ఎంతో ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

మిక్ ఫోలీ సంగతి ఇంకా చిత్రం. మ్యాన్‌కైండ్ అంటే మన సీనియర్లకు తెలుస్తుంది. చెవి తెగినవాడు, పళ్లు ఊడినవాడు. 2000 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఫోలీ వరసగా రెండు భయంకరమైన మ్యాచ్‌లు ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడాడు. అప్పటిదాకా పెద్దింటి అబ్బాయిలా కనిపించిన ట్రిపుల్ హెచ్, ఆ రెండు నెలల తర్వాత నిజంగా భయపెట్టే మనిషిగా కనిపించాడు. మళ్లీ 2004 ఏప్రిల్‌లో అదే ఫోలీ, 24 ఏళ్ల రాండీ ఆర్టన్ చేతిలో ఓడాడు. ఆర్టన్ అందగాడు, తాత, తండ్రి ఇద్దరూ రెజ్లర్లే. "తండ్రి పేరు చెప్పుకుని వచ్చాడు" అనేవాళ్లు. ఆ రాత్రి ఆర్టన్ ఒట్టి వీపుతో గుండుపిన్నుల మీద పడ్డాడు. ఆ తర్వాత ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మన చిన్నప్పటి రెజ్లింగ్ కార్డుల్లో ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్ అన్నీ ఉండేవి. ఓడిపోయి ఎంతమందిని పైకి తెచ్చాడనే గడి మాత్రం లేదు. ఉండి ఉంటే ఫోలీ కార్డుతో ఎవడైనా మొత్తం కట్ట గెలుచుకునేవాడు.

కంపెనీ తొందరపడితే ఏమవుతుందో కూడా ఆర్టన్ కథలోనే ఉంది. 2004 ఆగస్టు 15న ఆర్టన్‌కు ప్రపంచ ఛాంపియన్ బెల్టు ఇచ్చారు. మరునాడే ట్రిపుల్ హెచ్ బొటనవేలు పైకెత్తి మెచ్చుకుని, వెంటనే దాన్ని కిందికి తిప్పాడు. ఆర్టన్‌ను చితకబాది ముఠాలోంచి గెంటేశారు. ఇక జనం ఆర్టన్‌ను హీరోగా నెత్తిన పెట్టుకుంటారని కంపెనీ లెక్క. కానీ నిన్నటిదాకా పొగరుగా ఉమ్మేసినవాణ్ణి ఇవాళ్టి నుంచి ప్రేమించమంటే జనం ఎలా ప్రేమిస్తారు? నెల తిరిగేసరికి బెల్టు మళ్లీ ట్రిపుల్ హెచ్ నడుముకే చేరింది.

అదే ముఠాలో వెనకాల నిలబడి బరువులు మోసినవాడు బటిస్టా. కుర్రతనంలో క్లబ్బుల దగ్గర కాపలా పని చేశాడు. డబ్ల్యూసీడబ్ల్యూ శిక్షణ కేంద్రంలో నువ్వు పనికిరావని పంపేశారు. ముప్పై దాటాక మళ్లీ మొదలుపెట్టాడు. ఆర్టన్ పతనం చూసిన కంపెనీ ఈసారి తొందరపడలేదు. ట్రిపుల్ హెచ్ మాటలు వింటున్నప్పుడు బటిస్టా ముఖంలో చిన్న అసహనం, ఒక చూపు, ఒక నవ్వు, ఇలా నెలల తరబడి చూపించారు. ఎప్పుడు తిరగబడతాడా అని జనమే ఎదురుచూశారు. 2005 ఫిబ్రవరిలో బటిస్టా బొటనవేలు పైకెత్తి, తర్వాత కిందికి తిప్పినప్పుడు హాలు పైకప్పు ఎగిరిపోయేటంత కేక! రెజిల్‌మేనియా 21లో ట్రిపుల్ హెచ్ ఓడాడు. తర్వాతి నెలలో ఓడాడు. జూన్‌లో ఇనుప బోనులోనూ ఓడాడు. మూడుసార్లు, ఒకే మనిషి చేతిలో. స్వార్థపరుడని పేరున్న ట్రిపుల్ హెచ్ చేసిన మంచి పనుల్లో నా దృష్టిలో ఇది మొదటిది. 36 ఏళ్ల వయసులో బటిస్టా స్టార్ అయ్యాడు.

ఓడటానికి పెద్దలు ఒప్పుకోకపోతే ఏమవుతుంది? డబ్ల్యూసీడబ్ల్యూ కథ వినండి. 1997 సెప్టెంబర్లో గోల్డ్‌బర్గ్ అనే మాజీ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి దింపారు. మాట లేదు, నవ్వు లేదు. వచ్చాడు, ఎత్తి పడేశాడు, పోయాడు. వారం వారం గెలుపుల లెక్క పెరిగింది. (ఆ లెక్కలో కంపెనీ కాస్త చేతివాటం చూపించిందనే మాట కూడా ఉంది.) 1998 జులై 6న అట్లాంటాలో హల్క్ హోగన్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. పెద్దాయన ఓడాడు, కుర్రాడు స్టార్ అయ్యాడు. బాగానే ఉంది. కానీ ఆ డిసెంబర్లో 173 గెలుపుల మీదున్న గోల్డ్‌బర్గ్‌ను కరెంటు షాక్ ఇచ్చే పరికరంతో పడేసి కెవిన్ నాష్‌ను గెలిపించారు. సరే, నాష్ అయినా దాన్ని నిలబెట్టాడా? 1999 జనవరి 4న హోగన్ ఒక వేలితో నాష్ ఛాతీ మీద పొడిచాడు. నాష్ దబ్బున పడిపోయాడు. బెల్టు మళ్లీ హోగన్‌కు! ఇద్దరు స్నేహితులు నవ్వుకుంటూ బెల్టు పంచుకున్నారు. ఇదీ ఓటమే. కానీ ఈ ఓటమితో ఎవడు పైకొచ్చాడు? ఎవడూ రాలేదు. ఏడాదిన్నర పాటు పోగుచేసిన నమ్మకం ఒక్క వేలి పోటుతో పోయింది.

అదే రాత్రి ఇంకో ఛానల్లో మిక్ ఫోలీ మొదటిసారి ఛాంపియన్ అవుతున్నాడు. అది ముందే రికార్డు చేసిన ప్రోగ్రాం. ఫలితం తెలిసిన డబ్ల్యూసీడబ్ల్యూ వ్యాఖ్యాత వెటకారంగా ఆ సంగతి బయటపెట్టాడు. దాంతో లక్షల మంది ఛానల్ మార్చి ఫోలీని చూడటానికి పోయారు! ఇన్నేళ్లు ఓడినవాడు గెలిస్తే చూడాలని జనానికి ఎంత ఆశ ఉంటుందో ఆ కంపెనీకి అర్థం కాలేదు. క్రిస్ జెరికో 1999లో, ఎడ్డీ గెరెరో 2000 జనవరిలో ఆ కంపెనీ వదిలిపోయారు. పెద్ద స్టార్ల నీడలో ఎదగనివ్వలేదని వాళ్ల బాధ. 2001 డిసెంబర్లో జెరికో ఒకే రాత్రి రాక్‌నూ ఆస్టిన్‌నూ ఓడించాడు. 2004లో గెరెరో బ్రాక్ లెస్నర్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. కానీ డబ్ల్యూసీడబ్ల్యూ అది చూడటానికి లేదు. 2001 మార్చిలోనే ప్రత్యర్థికి అమ్ముడుపోయింది. ఆ పతనానికి కారణాలు చాలా చెబుతారు. సీనియర్లు కుర్చీ దిగకపోవడమే మొదటి కారణమని నేనంటాను.

జనం సంగతి. 1996లో వచ్చిన రాకీ మైవియాను ఎప్పుడూ నవ్వుతూ ఉండే మంచి పిల్లాడిగా దింపారు. జనం నువ్వు మాకొద్దు పొమ్మని అరిచారు. 1997 ఆగస్టులో అతనే విలన్ అయి, తనను తిట్టిన జనాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. అతనే ది రాక్! రోమన్ రెయిన్స్‌నూ అలాగే హీరోని చేయాలని 2015 నుంచి ఏళ్ల తరబడి రుద్దారు. వరసగా నాలుగు రెజిల్‌మేనియాల చివరి మ్యాచ్ ఇచ్చారు. జనం బూ అంటూనే ఉన్నారు. 2020 ఆగస్టులో విలన్‌గా మార్చాక 1316 రోజులు ఛాంపియన్‌గా నిలబడ్డాడు. 2014లో బటిస్టాను తిరిగి తెచ్చి గెలిపిస్తే, పొట్టిగా గడ్డంతో ఉండే డేనియల్ బ్రయాన్ కావాలని హాళ్లన్నీ హోరెత్తాయి. రెండేళ్ల కిందట రెజిల్‌మేనియాలో 18 సెకన్లలో ఓడించి నవ్వులపాలు చేసింది ఆ బ్రయాన్‌నే! కంపెనీ దిగొచ్చింది. రెజిల్‌మేనియా 30లో బ్రయాన్ ఒకే రాత్రి ముందు ట్రిపుల్ హెచ్‌ను, తర్వాత ఆర్టన్, బటిస్టాలను దాటి గెలిచాడు. 2024లో డస్టీ కొడుకు కోడీ రోడ్స్ స్థానాన్ని రాక్‌కు ఇవ్వబోతేనూ జనం ఒప్పుకోలేదు. కోడీయే రెయిన్స్‌ను ఓడించాడు. డబ్బు పెట్టి టిక్కెట్ కొన్నవాడికి ఒక ఓటుందని కంపెనీ మరిచిపోయిన ప్రతిసారీ జనం గుర్తుచేశారు.

అమ్మాయిల మ్యాచ్‌ల విషయంలోనూ ఇదే జరిగింది. ఒకప్పుడు అరనిమిషంలో ముగించేవాళ్లు. 2015లో ప్రేక్షకులే గొడవ చేశారు. 2019లో రెజిల్‌మేనియా చివరి మ్యాచ్ ముగ్గురు మహిళలది. ఆ రాత్రి గెలిచిన బెకీ లించ్ స్టార్ అయిన క్షణం, అంతకుముందు నవంబర్లో ముక్కు పగిలి ముఖమంతా రక్తంతో జనంలో నిలబడి నవ్విన క్షణం. దాన్ని ఎవరూ రాసి ఉంచలేదు.

ఈ విషయంలో నాకు జపాన్ పద్ధతి ఎక్కువ నచ్చుతుంది. అక్కడ 1972లో ఆంటోనియో ఇనోకి స్థాపించిన న్యూ జపాన్ కంపెనీలో కొత్త కుర్రాళ్లను యంగ్ లయన్స్ అంటారు. అందరికీ ఒకే నల్ల నిక్కరు, నల్ల బూట్లు. పెద్ద పేరు లేదు, రంగురంగుల వేషం లేదు. శిక్షణాలయంలోనే ఉండాలి, ఊడవాలి, వండాలి, సీనియర్ల బట్టలు ఉతకాలి. చదువుతుంటే మనకు తెలిసిన చోటులాగే అనిపిస్తుంది కదూ! (సీనియర్ల బట్టలు ఉతకడం మంచి పద్ధతని నేనడం లేదు. దాన్ని సాకుగా తీసుకోకండి.) సీనియర్లతో ఆడి ఓడుతూనే ఉండాలి. ఆ తర్వాత విదేశాలకు పంపుతారు. తిరిగొచ్చాకే కొత్త వేషం, కొత్త పేరు. కజుచికా ఒకాడాను అలా అమెరికా పంపితే, అక్కడి కంపెనీ అతన్ని ఎవరికో పక్కన నిలబెట్టే పనికిమాలిన వేషంలో ఉంచింది. 2012 జనవరిలో ఒకాడా తిరిగొచ్చాడు. ఫిబ్రవరిలో ఒసాకాలో, వరసగా 11 సార్లు బెల్టు నిలబెట్టుకున్న హిరోషి తనహాషి ఆ 24 ఏళ్ల కుర్రాడి చేతిలో ఓడాడు. ఏ అడ్డంకీ లేకుండా, ఎవరూ మధ్యలో దూరకుండా, నిటారుగా ఓడాడు. కంపెనీ తర్వాతి పదేళ్లు ఒకాడా భుజాల మీద నడిచింది.

మరి మనవాళ్ల మాటేమిటి? హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన ది గ్రేట్ ఖలీ 2006లో వస్తూనే అండర్‌టేకర్‌ను ఓడించాడు. అంత పెద్దవాడి ఓటమి దొరికింది, కానీ దాన్ని నిలబెట్టుకునే శిక్షణా సమయం దొరకలేదు. 2007 జులైలో బెల్టు, సెప్టెంబర్లో లేదు. తర్వాత నవ్వించే వేషాలు. 2017 మేలో పంజాబీ మూలాలున్న కెనడా కుర్రాడు జిందర్ మహల్‌ను ఉన్నట్టుండి ఛాంపియన్‌ని చేశారు. మన దేశపు మార్కెట్టే కారణమని అందరూ అనుకున్నదే. ఆర్టన్ అతని చేతిలో ఓడాడు, నిజమే. కానీ ప్రతిసారీ జిందర్ మనుషులు అడ్డుపడితేనే ఓడాడు. అటువంటి గెలుపును జనం నమ్మరు. సరే, మన మార్కెట్ కోసమే అనుకుందాం. ఇండియా టూరుకు నెల ముందే బెల్టు తీసేశారు. డిసెంబర్ 9న ఢిల్లీలో, మనవాళ్ల ముందు, 48 ఏళ్ల ట్రిపుల్ హెచ్ జిందర్‌ను ఓడించి, ఆ తర్వాత అతనితో కలిసి భాంగ్రా ఆడాడు! బటిస్టాకు మూడుసార్లు ఓడిన మనిషి ఢిల్లీలో ఒక్కసారి ఓడి ఉంటే ఏం పోయేది?

అందరికంటే నా మనసును కదిలించింది రింకూ సింగ్ కథ. ఉత్తరప్రదేశ్ పల్లెటూరు. తండ్రి లారీ డ్రైవరు, ఇంట్లో తొమ్మిది మంది పిల్లలు. రింకూ బల్లెం విసిరేవాడు. 2008లో ఒక టీవీ పోటీలో, ఎన్నడూ ఆడని బేస్‌బాల్ బంతి విసిరి లక్ష డాలర్లు గెలిచాడు. అమెరికా వెళ్లి ప్రొఫెషనల్ బేస్‌బాల్ కాంట్రాక్టు సంపాదించాడు. 2014లో వాళ్ల కథ మీద మిలియన్ డాలర్ ఆర్మ్ అని సినిమా వచ్చింది, సంగీతం ఎ.ఆర్. రహమాన్. చేతి గాయాలతో ఆట ఆగిపోయాక 2018లో డబ్ల్యూడబ్ల్యూఈలో చేరాడు. పేరు వీర్ మహాన్. 2021 చివరి నుంచి వారం వారం, వీర్ మహాన్ వస్తున్నాడు, వస్తున్నాడు అని నెలల తరబడి ప్రకటనలు వేశారు. ఎంతకీ రాకపోయేసరికి అది జోకైపోయింది. 2022 ఏప్రిల్ 4న వచ్చాడు. అతని చేతిలో ఓడినవాళ్లలో ఎక్కువమంది పేరైనా తెలియని స్థానిక కుర్రాళ్లు. ఆ ఏడాది ముగిసేలోపే మళ్లీ శిక్షణ స్థాయికి పంపారు. 2023 సెప్టెంబర్ 8న మన హైదరాబాద్‌లో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి వచ్చాడు, ఓడాడు. 2024 ఏప్రిల్‌లో జిందర్‌తో పాటు ఉద్యోగం పోయింది. తొమ్మిది మంది పిల్లల ఇంటి నుంచి అంత దూరం నడిచి వెళ్లినవాడికి ఒక్క పెద్ద స్టార్ కూడా ఒక్క నిజమైన ఓటమి ఇవ్వలేదు. నాకున్న కోపమల్లా అదే.

ఉద్యోగం అన్నాను కానీ, కాగితాల మీద అది ఉద్యోగం కూడా కాదు. ఈ రెజ్లర్లంతా స్వతంత్ర కాంట్రాక్టర్ల కింద లెక్క. యూనియన్ లేదు. 1986లో జెస్సీ వెంచురా యూనియన్ పెడదామన్నాడు. ఆ మాట యజమానికి మోసింది హల్క్ హోగనేనని తర్వాత కోర్టు కేసులో తెలిసిందని వెంచురా చెప్పాడు. స్టార్‌ని తయారుచేయడానికి ఓడేవాళ్లు కావాలి, ఆ ఓడేవాళ్ల నడుములకు మాత్రం ఎవరి పూచీ లేదు! ఫోలీకైతే కనీసం పేరు మిగిలింది. వీర్ మహాన్ చేతిలో ఓడిన ఆ స్థానిక కుర్రాళ్లకు ఏం మిగిలింది?

గచ్చిబౌలిలో ఆ రాత్రి అందరూ చూడవచ్చింది జాన్ సీనాను. సీనా కూడా ఓటమితోనే మొదలయ్యాడు. 2002 జూన్‌లో కర్ట్ యాంగిల్‌తో తొలి మ్యాచ్, కొద్దిలో ఓడాడు. ఆ ఏడాది చివరికి తనను తీసేసేవాళ్లేనని సీనాయే చెప్పుకున్నాడు. బస్సులో సరదాగా పాడిన ర్యాప్ పాట అతన్ని కాపాడింది. ఆ తర్వాత 17 సార్లు ప్రపంచ ఛాంపియన్. ఎప్పటికీ లొంగనన్నది అతని నినాదం. టోపీల మీద, తువాళ్ల మీద అదే అమ్మారు. మధ్యలో చాలా ఏళ్లు కుర్రాళ్లను ఎదగనివ్వలేదన్న నింద కూడా మోశాడు.

2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో సీనా చివరి మ్యాచ్ జరిగింది. ఆ రాత్రి శిక్షణ కేంద్రం కుర్రాళ్లకు కూడా పెద్దవాళ్లతో తలపడే అవకాశం ఇచ్చారు. సీనా ప్రత్యర్థి ఆస్ట్రియా దేశస్థుడు గుంథర్. గొంతు బిగించి పట్టాడు. సీనా చాలాసేపు పెనుగులాడాడు. చివరికి చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా చేయని పని, ఆఖరి నిమిషంలో చేశాడు. హాలంతా బూ అని కేకలు. ట్రిపుల్ హెచ్ బయటికొస్తే అతన్నీ తిట్టారు. సీనా ఓడిపోయినందుకు నేను బాధపడను, అతని వృత్తిలో పెద్దవాడు చేయవలసిన పని అదే. కానీ గుంథర్‌కు అప్పటికే 38 ఏళ్లు. అప్పటికే రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. సీనా ఇవ్వగలిగిన అన్నిటికంటే ఖరీదైన ఓటమి అది, ఒక్కసారే ఇవ్వగలిగింది. దాన్ని ఇంకా పేరు లేని పాతికేళ్ల కుర్రాడెవడికైనా ఇచ్చి ఉండాల్సిందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు మెస్ దగ్గర కనపడండి, మాట్లాడుకుందాం.